సముద్రం చూడనివాళ్ల దీవి భాష

పెన్నా, చిత్రావతి, పాలారు పుట్టేది మా నంది కొండల చుట్టుపక్కలే అని బడిలో పిల్లలకు గొప్పగా చెప్తాం. పుట్టడం వరకే మాది, నీళ్లు వేరేవాళ్లవి. మా చిక్కబళ్లాపురం జిల్లాలో బోరు ఎంత లోతుకు దింపినా ముందు లేచేది దుమ్మే. ఇంక సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. అట్లాంటి చోట, సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని ఇద్దరం, మిద్దె మీద కూర్చుని ఒక దీవి భాష తయారుచేశాం. ఇద్దరిలో ఒకరు తొమ్మిదేళ్ల ఆడపిల్ల. రెండోవాణ్ణి నేను. పని ఎక్కువ చేసింది ఆ పిల్లే.

నేను బాగేపల్లి వైపు ఒక హైస్కూల్లో కన్నడ మేష్టర్ని, కాపురం చిక్కబళ్లాపురంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, స్టాఫ్ రూములో మళ్లీ తెలుగు. మా తాతలు చింతామణి పక్క ఊళ్లో గుడి పూజ చేసుకుంటూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వ్యాకరణం చెప్పినవాళ్లు. గుడి మా చేతిలోంచి పోయింది గానీ ఆ జబ్బు మాత్రం నాకు దిగింది. ఎదుటివాడు తప్పు మాట్లాడితే నా నాలుక ఊరుకోదు. బంధువుల పెళ్లిపత్రికలో తప్పులు దిద్ది పంపి, ఆ పెళ్లికి పిలుపు లేకుండా చేసుకున్నవాణ్ణి. నలభై దాటాక నాకూ పెళ్లయింది. ఆమె జిల్లా ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పుట్టిల్లు తెలుగు, మెట్టినిల్లు తుమకూరు వైపు కన్నడం. మొదటి భర్త పోయాడు. ఆయన బిడ్డ తల్లితోపాటు నా ఇంటికి వచ్చింది.

ఆ పిల్ల నాతో మాట్లాడదని కాదు. అడిగితే జవాబు చెప్తుంది. పిలవదు, అంతే. మా వైపు అప్పా అనని నోరు లేదు. కూరగాయలాయన అప్పా, కండక్టరు అప్పా, పొరుగింటి పిల్లవాడు కూడా అప్పా. నన్ను రైతులు "ఏమప్పా మేష్ట్రూ, బాగుండావా?" అని పలకరిస్తారు. కన్నడ ఇంట్లో పెరిగిన ఈ పిల్లకు మాత్రం అప్ప అంటే నాన్న ఒక్కడే, ఆయన ఫోటోలో ఉన్నాడు. వచ్చిన కొత్తలో వీధిలో ఎవరైనా అప్పా అంటే గిరుక్కున తల తిప్పి చూసేది. నాతో పనిపడితే ఎదురుగా వచ్చి నిలబడేది. నేను తలెత్తేదాకా అట్లాగే నిలబడి ఉండేది.

"దానికి టైమియ్యప్పా," అనేది మా ఆవిడ.

ఇచ్చాను. కానీ లోపల ఒకటే ఆశ కొట్టుకుంటూ ఉండేది. ఆ పిల్ల లెక్కలో నేను ఇంటిమనిషిని కావాలి. నాన్న అనక్కర్లేదు, ఇంకే వరస పెట్టి పిలవక్కర్లేదు. తన మనుషులు ఎవరని అడిగితే ఆ గుంపులో ఒక మూల నేనుండాలి. సొంత ఇంట్లో అద్దెకున్నవాడిలా చప్పుడు కాకుండా గ్లాసు కింద పెట్టడం నాకు విసుగొచ్చింది.

దీంట్లో భాష కూడా నన్ను ఏడిపించింది. పిల్లకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం కన్నడానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది. కన్నడంలో 'నావు' అంటే సరిపోతుంది. నువ్వూ నేనూ కలిసినా నావు, నిన్ను వదిలేసి మేమంతా కలిసినా నావు. తెలుగులో అట్లా కుదరదు. మన ఇల్లు అంటే నీది కూడా. మా ఇల్లు అంటే, వచ్చావు సంతోషం, కాఫీ తాగి బయల్దేరు. ఆ పిల్లకు మన, మా రెండూ ఒకటే, నోటికి ముందేది వస్తే అదే.

ఒకరోజు పొద్దున నా ఎదుట నిలబడి, "మన ఇంట్లో పాలు లేవు," అంది. మన ఇల్లు! నేను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కొట్టుకు పరిగెత్తి, ఒక ప్యాకెట్టు తేవాల్సినచోట నాలుగు తెచ్చాను. "పెరుగు యాపారం పెడతాండావా ఏమి?" అంది మా ఆవిడ. సాయంత్రం వాన మొదలైంది. కిటికీ దగ్గర హోంవర్కు చేసుకుంటున్న పిల్ల తలెత్తకుండానే చెప్పింది. "మన అప్ప సచ్చిపోయినప్పుడు కూడా ఇట్లే వాన పడతా ఉండె."

మన అప్ప. దిద్దడానికి నా నాలుక లేచింది. మన కాదమ్మా, మా అనాల. ఆ దిద్దుబాటు ఆ పిల్ల చెవికి ఎట్లా వినబడుతుందో తలుచుకుని నోరు మూసుకున్నాను. పొద్దున్న విన్న మన ఇల్లు కూడా ఈ లెక్కలోదేనని అప్పుడు తెలిసింది. ఆ నాలుగు ప్యాకెట్ల పెరుగు వారం తిన్నాం.

దీవి భాష మొదలైంది ఒక రజా రోజున. రజా అంటే మా వైపు బడి సెలవు. మిద్దె మీద చింతపండు ఎండబెట్టి పిల్లను కాపలా పెట్టింది తల్లి. నేను ఏదో పనిమీద మెట్లెక్కుతుంటే పైనుంచి మాటలు వినిపించాయి. తెలుగు కాదు, కన్నడం కాదు. పిట్టగోడ మీద కాకితో చాలా గంభీరంగా ఏదో చెప్తోంది. "వయి, వయి, ఇకు తాలో," అంటోంది. కాకి కూడా వింటున్నట్టే ఉంది.

"ఏం భాష అది?" అన్నాను.

ఉలిక్కిపడింది. "దీవి భాష," అంది.

తల్లి ఫోను తీసుకుని వీడియోల్లో చూసిందట. తూర్పున సముద్రంలో వేల దీవులు ఉన్నాయట. నీళ్లల్లో కర్రలు పాతి వాటి మీద ఇళ్లు కట్టుకుంటారట, బడికి పడవలో పోతారట. వాళ్ల మాటలు విని, వాటిలాగే ధ్వనించే మాటలు తనే పుట్టిస్తోంది. వయి అంటే నీళ్లు, ఇకు అంటే చేప. ఇంకెవరైనా అయితే బాగుందమ్మా అని దిగిపోయేవాళ్లు. నా జబ్బు నన్ను దిగనివ్వలేదు.

"మరి బహువచనం?" అన్నాను.

పిల్ల నన్ను ఎగాదిగా చూసి కిందికి వెళ్లిపోయింది. చెడగొట్టుకున్నానురా అనుకున్నాను. మర్నాడు నేను పేపరు చదువుకుంటుంటే ఎదుట నీడ పడింది. తలెత్తాను.

"రెండుసార్లు చెప్పాల," అంది. "ఇకు అంటే చేప. ఇకు ఇకు అంటే చేపలు."

పాలు లేవనో, అమ్మ పిలుస్తోందనో కాకుండా, తనకై తాను నా దగ్గరకు వచ్చి చెప్పిన మొదటి మాట అది.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ మిద్దె మీదే. ఆ దీవుల భాషలు నేర్పే పాఠాలు నేనూ ఫోనులో వినడం మొదలుపెట్టాను. వింటున్నకొద్దీ నోరు తెరుచుకుని కూర్చోవడమే నా పని. వాళ్లు నిజంగానే చాలా మాటల్ని రెండుసార్లు పలికి బహువచనం చేస్తారు. భాషను భాష అనే అంటారు, కొంచెం సాగదీసి. ఎప్పటి పడవలెక్కి పోయిందో ఆ మాట! మొగుణ్ణి స్వామికి దగ్గరగా ఏదో అంటారు. ఆ సంగతి మా ఆవిడకు చెప్తే, "ఆ పప్పులు నా దగ్గర ఉడకవు," అని పోపు వేసుకోవడానికి వెళ్లిపోయింది. సూర్యుణ్ణి పగటి కన్ను అంటారు. నీటి ఊటను నీటికన్ను అంటారు. మనం నీటి బుగ్గ అంటాం కదా అని పిల్లకు చెప్తే, తన బుగ్గ పట్టుకుని చూసుకుని నవ్వింది. వాళ్లకు నీళ్లు చూస్తాయి, మనకు బుగ్గలు ఉబ్బిస్తాయి అని తేల్చింది.

చట్టాలు ఆ పిల్లవే. వాళ్ల మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకురాకూడదు, అది దొంగతనం. వాటి పోకడ మాత్రమే తెచ్చుకోవాలి. కాగితం మీద రాయకూడదు, నోట్లో నిలిస్తేనే మాట. నిలవకపోతే పోనీ. పగటికి నేను 'లారి' అని సూచిస్తే, హైవే మీద పోయే లారీలన్నీ పగళ్లయిపోతాయని కొట్టేసింది. నాకు రోషం వచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆ తీర్పు న్యాయమే.

కొన్ని దీవుల్లో ఎడమ, కుడి అనడం తక్కువట. కొండవైపు, సముద్రంవైపు అంటారట. ఇది చెప్పగానే పిల్ల లేచి నిలబడి నంది కొండను చూసింది. ఆ కొండ మా మిద్దె మీదికి బాగా కనిపిస్తుంది.

"కొండ ఆడుండాది. సముద్రం యాడుండాది?"

తూర్పున, చింతామణి దాటి, ఆంధ్రా అంతా దాటి ఎక్కడో ఉంది అన్నాను. అంటుండగానే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె నోట ఎడమ కుడి ఎప్పుడూ విన్లేదు. ఎగవింటోళ్లు, దిగవింటోళ్లు అనేది. చాప మీద సర్దుకుని కూర్చోమనాలంటే కూడా, "రవంత దిగవకు జరుగు నాయనా," అనేది. ఎగువ, దిగువ. ఏ పడవా ఎక్కని మా అవ్వ, సముద్రం అవతలివాళ్ల ఒడుపుతోనే బతుకంతా మాట్లాడింది. ఇన్నేళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి, నా ఇంట్లో ఉన్నదాన్ని వేల మైళ్ల అవతలినుంచి వచ్చిన పాఠంలో చూసుకున్నాను.

కొండవైపుకు బుకి, సముద్రంవైపుకు లవు అని పెట్టాం. ఆ పూట భోజనాల దగ్గర పిల్ల, "ఉప్పు బుకికి జరుపు," అంది. నేను జరిపాను. పొద్దున ఈ లోకంలో లేని మాట, సాయంత్రానికి ఉప్పుడబ్బాను కదిలించింది. దేవుడు లోకాన్ని ఎట్లా చేశాడో మా తాతలు సంస్కృతంలో చెప్తే నాకు ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి కొంచెం కుదిరింది. "మనుషుల భాష మాట్లాడండి ఇద్దరూ," అని మా ఆవిడ కసిరింది గానీ ఆమె ముఖంలో కోపం లేదు.

అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం ఆ తర్వాత వచ్చింది. ఒక పాఠంలో ఆ దీవుల పంతులమ్మ చెప్తోంది. తమ భాషలో 'మేము' రెండు రకాలట. వినేవాణ్ణి కలుపుకుంటే ఒక మాట, వదిలేస్తే ఇంకో మాట. బయటివాళ్లకు ఇది తొందరగా ఎక్కదని ఆమె నవ్వింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు, నేను బడిలో చెప్పే కన్నడంలో లేదు. మనం, మేము! అంత సముద్రానికి అవతల ఎవరో చేపలు పట్టేవాడు కూడా, పక్కవాణ్ణి కలుపుకోవాలా వద్దా అని నోరు తెరిచే ముందు ఆలోచిస్తున్నాడు. మా అమ్మ ఆలోచించినట్టే.

పరిగెత్తి మిద్దె మీదికి పోయి పిల్లకు చెప్పాను. అర్థం కాలేదు. "రెండెందుకు?" అంది.

"మనం బజారుకు పోదాం అన్నాననుకో, నువ్వు చెప్పులేసుకుంటావు. మేము బజారుకు పోతాం అన్నాననుకో, నువ్వు ఇంట్లో ఉండాల. అందుకు."

పిల్ల మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కొండను చూస్తూ, ఇన్నాళ్లూ తనతో ఎవరెవరు ఏమన్నారో తిరగేసుకుంటున్నట్టు అనిపించింది. చివరికి, "కలుపుకునేది కిలా. వదిలేసేది మిలా," అంది. ఆగి, "అమ్మా నేనూ మిలా," అని చేర్చింది. ఇంకేదో అనబోయి నన్ను చూసి ఆగిపోయింది.

చెప్పకుండా ఉన్నా బాగుండేదేమో అనిపించింది నాకు. తెలుగులో ఆ పిల్ల మన, మా తారుమారు చేస్తుంది కాబట్టి ఏదో ఒక అనుమానం మీదైనా బతకొచ్చు. దీవి భాష అట్లా కాదు. అది తను చేసింది, అందులో తప్పు పోనివ్వదు. "మిలా రేపు గుడికి," అని నాతో అంటే, తల్లీ కూతుళ్లు గుడికి పోతారు, నేను ఇంట్లో ఉంటాను. నాతో కలిసి మిద్దె ఎక్కాల్సి వచ్చినప్పుడు కిలా అంటే సరిపోతుంది కదా, అనేది కాదు. "నువ్వు రా. నేను వస్తా," అని విడివిడిగా చెప్పేది. ఒక్క కిలా కోసం నేను ఆ భాషలో మంచి విద్యార్థిలా ఎదురుచూస్తూ ఉండిపోయాను.

ఎండాకాలం రజాలకు తుమకూరు వైపునుంచి వాళ్ల అజ్జి వచ్చింది. చనిపోయినాయన తల్లి. చెడ్డ మనిషి కాదు. కొడుకు ముఖం మనవరాలిలో వెతుక్కుంటూ, పిల్ల అన్నం తింటుంటే ఆ ముద్దలవైపే చూస్తూ కూర్చునేది. మూడోరోజు మనసులో మాట చెప్పింది. పిల్లను తీసుకుపోతుందట. అక్కడే బడిలో వేస్తుందట. దాని రక్తం, దాని భాష, దాని మనుషులు అక్కడున్నారు అంది. మా ఆవిడ ముఖం తెల్లబోయింది. అయినా, "దాన్నే అడగండి అత్తమ్మా. దాని ఇష్టం," అంది. అందరూ పిల్లవైపు చూశారు. పిల్ల లేచి మిద్దె మెట్లెక్కింది. నన్ను ఎవరూ అడగలేదు, అడగడానికి నేనెవర్ని?

అజ్జి పిల్ల బట్టలు సర్దింది. వెళ్లేరోజు మా ఆవిడకు డ్యూటీ. సెలవు దొరకలేదంది, దొరికినా ఆ బస్టాండుకు రాగలిగేది కాదు. "బ్యాగు తీసుకపో. ఎక్కితే ఎక్కనీ," అని, కళ్లు కొంగుతో ఒత్తుకుని వెళ్లిపోయింది. చిక్కబళ్లాపురం బస్టాండుకు ముగ్గురం వెళ్లాం. ఒక భుజాన అజ్జి సంచీ, ఇంకో భుజాన పిల్ల బ్యాగు. తుమకూరు బస్సు నిలబడే ఉంది. దారి పొడుగునా ఒక్క మాట కూడా పెగల్లేదు నాకు. ఇన్ని భాషలు పెట్టుకుని!

అజ్జి బస్సు మెట్టు మీద కాలు పెట్టి చెయ్యి చాపింది. "బా పుట్టీ, నావు హోగోణ," అంది. రా బంగారూ, పోదాం.

పిల్ల కదల్లేదు. "యావ నావు?" అంది.

ఏ నావు అని ఎవరైనా అడుగుతారా? అజ్జికి అర్థం కాలేదు. నావు అంటే నావే కదే అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. తర్వాత కన్నడంలోనే, తాము ఆదివారం వస్తామని చెప్పింది. "నావు భానువార బర్తీవి."

"అమ్మ కూడా వస్తుందా?" అని అజ్జి కన్నడంలో అడిగింది.

అమ్మకు ఆదివారం కూడా డ్యూటీ అంది పిల్ల.

"మరి నావు అంటే ఎవరు?"

అక్కడ ఇరుక్కుంది. కన్నడంలో దానికి మాట లేదు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కండక్టరు విజిలు ఊదాడు. పిల్ల చెయ్యి వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. అజ్జి ముఖంలోకి సూటిగా చూస్తూ, "మిలా," అంది.

ఆ పిల్లకు ఎదురుగా అజ్జి. పక్కన నేను. తల్లి అక్కడ లేదు. మిలా అంటే వినేవాళ్లను వదిలేసి మిగిలినవాళ్లు. మిగిలింది నేనొక్కణ్ణే. ఇన్నాళ్లూ కిలా కోసం చెవులు రిక్కించి, మిలా వినబడ్డప్పుడల్లా ముఖం దించుకున్నవాణ్ణి. ఆ మాటకు లోపల కూడా చోటుంటుందని, అందులో నేను ఉండొచ్చని నాకు ఎన్నడూ తట్టలేదు. వ్యాకరణం మేష్టరుకు తట్టలేదు!

"మిలా అంద్రె నావు," అని పిల్ల అజ్జికి విడమరచి చెప్పింది. "నిన్న బిట్టు." నిన్ను వదిలిపెట్టి.

"నన్న బిట్టా?" అంది అజ్జి.

"కోప మాడ్కోబేడ అజ్జీ," అంది పిల్ల కంగారుగా. "అదు వ్యాకరణ."

కోపం తెచ్చుకోకు, అది వ్యాకరణం. ఎందుకో అజ్జికి నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని నావైపు చూసి, ఇది నీ పనేనా అని కన్నడంలో అడిగింది. సగం అన్నాను. ఆమె కాసేపు పిల్ల చెయ్యి ఎక్కడుందో చూసింది. తర్వాత నా భుజం మీది తన సంచీ అందుకుంది. పిల్ల బ్యాగు అడగలేదు.

అజ్జి బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "నన్ను కూడా కలుపుకుంటే ఏమనాల?" అన్నట్టు ఏదో అడిగింది. "కిలా!" అని పిల్ల అరిచింది. "ఆయ్తు," అంది అజ్జి. సరే. భానువారం కిళా భోంచేద్దాం అని, ఆ లకారాన్ని బండ ళకారం చేసేసి, చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా పిల్ల కూడా ఊపుతూనే ఉంది.

బస్టాండు బయటికి వచ్చాం. ఎండ మాడ్చేస్తోంది. ఆసుపత్రిలో మా ఆవిడకు ఫోను చేసి ఏమని చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక ఫోను చేతిలో పట్టుకుని నడుస్తున్నాను. బ్యాగు నా భుజాన్నే ఉంది. పిల్ల ఇంకా నా చొక్కా అంచు వదల్లేదు.

"కాళ్లు కాల్తాండాయి," అంది తెలుగులో. "మేము ఆటోలో పోదామా?"

తప్పు. మేము పోదామా అని ఉండదు. మనం పోదామా అనాలి. దిద్దడానికి నా నాలుక లేచింది.

"పోదాం," అన్నాను.